నిప్పు కాపలా ఎవరిది? ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవలను ఇలా చదివి చూడండి

నమస్తే అండి. డిగ్రీలో విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ చదువుతున్న వాళ్ళ కోసం ఈ వీడియో. ఇందులో నాయకత్వం గురించి, బతికి బయటపడడం గురించి ప్రశ్న వస్తే జవాబు ఎలా ఆలోచించాలో చెబుతాను.

గైడ్లలో ఏముంటుందో మీకు తెలిసిందే. పిల్లలు ఎన్నుకున్న నాయకుడు రాల్ఫ్ అంటే ప్రజాస్వామ్యం, వేటగాళ్ళ నాయకుడు జాక్ అంటే నియంతృత్వం, రాల్ఫ్ స్నేహితుడు పిగ్గీ అంటే తెలివి. మొదటిసారి నేనూ అదే బట్టీ పట్టి రాశాను. అవి తప్పు మాటలు కావు. కానీ అవి రాసేశాక చెప్పడానికి ఇంకేమీ మిగలదు, పేజీ సగంలో ఆగిపోతాం. అందుకని ఈసారి మనుషుల్ని కాసేపు పక్కన పెట్టండి. పుస్తకం మొత్తంలో నిప్పు ఎక్కడెక్కడ వస్తుందో చూసుకుంటూ వెళ్దాం. ఈ కాగితం మీద నేను రాసుకున్నది కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, కావాలంటే వీడియో ఆపి చూసుకోండి.

కథ రెండు ముక్కల్లో. నవల 1954లో వచ్చింది. యుద్ధ సమయంలో ఇంగ్లండ్ పిల్లల్ని తీసుకెళ్తున్న విమానం కూలిపోయి, వాళ్ళు మనుషులు లేని దీవిలో పడతారు. పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. గోల్డింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో నావికాదళంలో పనిచేశాడు, బడిలో పాఠాలూ చెప్పాడు. యుద్ధాన్నీ, పిల్లల్నీ దగ్గర నుంచి చూసిన మనిషి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ దీవిలో తాగడానికి నీళ్ళున్నాయి, చెట్ల నిండా పళ్ళున్నాయి. ఆకలితో ఒక్క పిల్లవాడు కూడా చనిపోడు. అంటే బతకడం అన్న సమస్య తిండిది కాదు. కొండ మీద పొగ ఆగకుండా ఉంటే ఏదో ఒక ఓడ చూస్తుంది. చేయాల్సిందల్లా నిప్పు ఆరిపోకుండా కాచుకోవడం. అంత తేలిక పని ఎందుకు చేయలేకపోయారు? నా జవాబంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది.

మొదటి నిప్పు రెండో అధ్యాయంలో. పిగ్గీ కళ్ళజోడుతో వెలిగిస్తారు. (హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళ అద్దాలు వెలుతురును ఒక్కచోటికి చేర్చవు, చెదరగొడతాయి. ఇది రచయిత పొరపాటు. తెలిసి ఉంటే మంచిది, జవాబులో రాయక్కర్లేదు.) అందరూ కేకలు వేసుకుంటూ కట్టెలు తెచ్చి పడేస్తారు. మంట అడవికి అంటుకుంటుంది. ముఖం మీద పుట్టుమచ్చ ఉన్న చిన్న పిల్లవాడు ఆ తరువాత మళ్ళీ కనిపించడు. వాడు ఉన్నాడో పోయాడో గట్టిగా చెప్పడానికి కూడా లేదు, ఎందుకంటే చిన్నపిల్లల పేర్లు ఎవరూ రాసుకోలేదు. పిగ్గీ ఒక్కడే దాని గురించి మొత్తుకుంటాడు. చివర్లో నేవీ ఆఫీసరు వచ్చి మీరు ఎంతమంది అని అడిగితే రాల్ఫ్ తల అడ్డంగా ఊపుతాడు.

నేను ఈ రెండు చోట్లా పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఊరు. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో హెచ్చరిక దాటి, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించింది. లంక గ్రామాల వాళ్ళు పడవల్లో ఇవతలికి వచ్చారు. పడవ దిగినవాళ్ళకి అన్నం పెట్టడం కంటే ముందు జరిగిన పని ఏమిటో తెలుసా? గట్టు మీదే ఒకాయన కుర్చీ వేసుకుని పేర్లు రాసుకున్నారు. ఇంటికి ఎంతమంది, ఎవరు వచ్చారు, ఎవరు ఇంకా అవతల ఉన్నారు. అప్పుడు నాకు ఆయన మీద చిరాకొచ్చింది, తడిసిపోయిన ముసలమ్మల్ని నిలబెట్టి ఈ రాతలేంటి అని. రాల్ఫ్ తల అడ్డంగా ఊపిన పేజీ చదివాక ఆ నోటు పుస్తకం విలువ తెలిసింది.

ఇప్పుడు నాలుగో అధ్యాయం. జవాబులో సగం చోటు దీనికే ఇవ్వండి.

దూరంగా ఓడ పొగ కనిపిస్తుంది. రాల్ఫ్ కొండ మీదికి పరిగెడతాడు. అక్కడ నిప్పు చచ్చిపోయి ఉంటుంది. కాపలా ఉండాల్సిన కవలలు శామ్, ఎరిక్ అక్కడ లేరు. పందిని చుట్టుముట్టడానికి మనుషులు చాలక జాక్ వాళ్ళని తీసుకెళ్ళాడు. ఓడ వెళ్ళిపోతుంది. సరిగ్గా అప్పుడే వేటగాళ్ళు పందిని కర్రకి కట్టుకుని, పాట పాడుకుంటూ వస్తారు. జాక్ ముఖంలో ఎంత సంతోషమో! తను చేసిన తప్పేమిటో కాసేపు అతనికి అర్థం కూడా కాదు.

జాక్ చెడ్డవాడు అని రాసి వదిలేయకండి. వేటలో చూపించడానికి ఒక పంది ఉంది. కాపలాలో చూపించడానికి ఏముంది? రోజంతా నిప్పు కాస్తే సాయంత్రానికి దక్కేది అదే నిప్పు. గోదావరి పక్కన పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ వరదలో మా పెదనాన్న వాళ్ళు రాత్రిళ్ళు టార్చిలైట్లతో ఏటిగట్టు మీద తిరిగేవారు. ఎలుక బొరియల్లోంచి ఊట వస్తోందా, ఎక్కడైనా మట్టి జారుతోందా అని చూడడమే పని. కుర్రాళ్ళేమో నీళ్ళలో కొట్టుకొచ్చే దుంగల్ని తాళ్ళేసి లాగడానికి పోయారు. దుంగ ఒడ్డుకి చేరితే కేకలు, ఈలలు, ఫోటోలు. గట్టు మీద నడిచిన వాళ్ళకి ఫోటో ఎవరు తీస్తారండి? గండి పడని గట్టు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది.

రాల్ఫ్‌ని కూడా వెనకేసుకు రాకండి. గుడిసెలు వేయడానికి సైమన్ అనే పిల్లవాడు తప్ప ఎవరూ మిగలకపోతే విసుక్కుంటాడు గానీ, నిప్పు ఎందుకో అందరి మనసుకీ ఎక్కేలా చెప్పలేకపోతాడు. పోనుపోను తనే మర్చిపోతాడు, పిగ్గీ అందించాలి. పిల్లలంతా గుంపుగా, మృగం అనుకుని సైమన్‌ని చంపిన రాత్రి ఆ గుంపులో రాల్ఫ్, పిగ్గీ ఇద్దరూ ఉన్నారు. దీన్ని దాచి రాసిన జవాబు నిజాయితీగా ఉండదు.

తరువాతి నిప్పులు త్వరగా చెప్పేస్తాను. కొండ మీద మృగం ఉందన్న భయంతో పిగ్గీ సలహా మీద నిప్పును కింద ఒడ్డు దగ్గర వెలిగిస్తారు. ఆ తరువాత జాక్ మనుషులు రాత్రి వచ్చి పిగ్గీ కళ్ళజోడు ఎత్తుకుపోతారు, మాంసం కాల్చుకోవడానికి. చివరికి రాల్ఫ్‌ని బయటికి రప్పించి చంపడానికి దీవికే నిప్పు పెడతారు. ఆ పొగ చూసే ఓడ వస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడతారు. జాక్ నిప్పే కదా రక్షించింది, మరి జాక్ నాయకత్వమే పనిచేసినట్టా అని అడుగుతారు. నేను ఒప్పుకోను. ఆ మంట పళ్ళ చెట్లని కూడా తగలబెట్టింది. ఓడ ఆ పూట రాకపోతే మర్నాడు వాళ్ళు ఏం తినేవారు? ఈ మాట జవాబులో తప్పకుండా రాయండి.

నాలుగో అధ్యాయం కథ మా పెదనాన్నకి తెలుగులో చెప్పాను. పూర్తిగా విని ఒకటే అడిగారు: “ఆ కవలల్ని తీసుకెళ్ళేటప్పుడు వాళ్ళ చోట ఇంకెవర్నీ పెట్టలేదా?” గట్టు కాపలాలో తరువాతి మనిషి వచ్చి టార్చి చేతిలోకి తీసుకునే దాకా ముందున్నవాడు కదలకూడదట. నేను ఆ పేజీలు మళ్ళీ తిరగేశాను. ఎవర్నీ పెట్టలేదు.

మీరూ ఆ పేజీ తీసి, అంచున ఆ ప్రశ్న రాసుకోండి. నా జవాబు ఇప్పుడు దానితోనే మొదలవుతుంది: “ఓడ వెళ్ళిపోయిన సమయంలో కొండ మీద ఎవరూ లేరు, ఎందుకంటే కాపలా మనిషిని తీసుకెళ్ళినవాడు వేరొకరిని పెట్టలేదు.”