పంచాయతీ గది దాకా వచ్చిన లైను

(గ్రామ పంచాయతీ ప్రతినిధులు, పొదుపు సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. సర్పంచులకు, వార్డు సభ్యులకు, కేబుల్ ఆపరేటర్ తమ్ముళ్లకు, ముఖ్యంగా పొదుపు సంఘాల నుంచి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు.

మన దేశంలో డేటా చవక అంటారు. అబద్ధం కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక జీబీ ధర వందల రూపాయల్లోంచి పదుల్లోకి దిగింది. అయితే కూలి చేసుకునే ఇంట్లో ఎవరూ జీబీల్లో లెక్క చూసుకోరు. రీచార్జి ఎంత, ఎన్ని రోజులొస్తుంది, అంతే. 2024 జులైలో రేట్లు పెరిగినప్పుడు రోజుకు జీబీన్నర ఇచ్చే 28 రోజుల జియో ప్యాకు 299 రూపాయలైంది. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి మన రెండు రాష్ట్రాల్లోనూ 307. అంటే నెలనెలా ఒక రోజు ఎండలో చేసిన కష్టం ఒక్క ఫోనుకు సరి. ఇంట్లో మూడు ఫోనులుంటే మూడు రోజులు. అదీ ముందే, ఒకేసారి కట్టాలి.

2018లో ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ ఒక హద్దు పెట్టింది. వర్ధమాన దేశాల్లో కనీస స్థాయి బ్రాడ్‌బ్యాండ్ ధర 2025 నాటికి తలసరి ఆదాయంలో 2 శాతం దాటకూడదంది. ఆ హద్దులో మన దేశం ఇబ్బంది లేకుండా ఇముడుతుంది. కానీ ఆ తలసరి లెక్కలో గచ్చిబౌలి ఇంజనీరు జీతమూ ఉంది, మిరపకాయలు కోసే అమ్మ కూలీ ఉంది. నెలకు పదిహేను రోజులు పని దొరికిన మనిషికి 299 అంటే ఆరు శాతం పైమాటే. చవక అనే ముందు ఎవరికి చవక అని అడగాలి.

పేదవాళ్లకు నెట్టెందుకు, సినిమాలు చూడ్డానికా అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను ఒకసారి ఉపాధి పని దగ్గరికి తీసుకెళ్లండి. 2023 జనవరి నుంచి అక్కడ హాజరు ఫోన్ యాప్‌లోనే పడాలి. పొద్దున ఒక ఫొటో, మళ్లీ రెండోసారి ఇంకో ఫొటో. పని చూసుకునే మేటు తన సొంత ఫోను, సొంత డేటాతో ఆ ఫొటోలు తీస్తుంది. సిగ్నల్ లేకపోతే సిగ్నలున్న గట్టు దాకా నడిచి వెళ్లి అప్‌లోడ్ చేస్తుంది. అది ఎక్కకపోతే ఆ రోజు చేసిన పనికి కూలి చిక్కుల్లో పడుతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రానిదీ ఇదే కథ. కూలి డబ్బుకీ బియ్యానికీ నెట్టు తప్పనిసరి చేసిన ప్రభుత్వం, దాన్ని పేదవాడి చేతికందే ధరలో పెట్టాలి కదా. ఇది దయ కాదు, బాధ్యత.

మరి ధర ఎక్కడ దిగుతుంది? ఒక ఇంటర్నెట్ లైను ఊరి దాకా తెచ్చి, దాన్ని ఊరంతా పంచుకున్నప్పుడు దిగుతుంది. తలా ఒక బోరు వేసుకునే బదులు ఊరికి ఒక చెరువు తవ్వుకోవడం లాంటిది. దీన్ని చేసి చూపించినవాళ్లున్నారు.

నేపాల్లో మ్యాగ్ది జిల్లాలో నాంగి అనే కొండ ఊరు. అక్కడ పుట్టిన మహాబీర్ పున్ అమెరికాలో చదువుకుని తిరిగొచ్చి ఊరి బడిలో పంతులుగా చేరారు. విరాళంగా వచ్చిన పాత విడిభాగాలతో చెక్క పెట్టెల్లో కంప్యూటర్లు బిగించారు. కరెంటు కోసం దగ్గర్లోని వాగులో చిన్న జలవిద్యుత్ యంత్రాలు పెట్టారు. ఫోను లైను మాత్రం రాలేదు. 2001లో సాయం కోరుతూ బీబీసీకి ఈమెయిల్ రాశారు. అది చదివి విదేశాల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చారు. పట్నాల్లో ఇంట్లో వాడే వైఫై పరికరాలనే కొండ కొమ్ముకి ఎక్కించి, పొడవైన చెట్లకు యాంటెన్నాలు కట్టి, ఒక కొండ నుంచి ఇంకో కొండకు అందించుకుంటూ పోఖరా పట్నం దాకా లంకె వేశారు. అప్పుడక్కడ మావోయిస్టు పోరు నడుస్తోంది. వైర్‌లెస్ సామాను దిగుమతి మీద నిషేధం ఉంది. ఆ సామాను దొంగచాటుగానే దేశంలోకి తేవలసి వచ్చింది. ఊళ్లోకి లంకె వచ్చాక, పట్నం ఆస్పత్రి డాక్టరుతో కొండ మీది రోగి మాట్లాడగలిగాడు. యాక్‌లు మేపుకునేవాళ్లు బేరగాళ్లతో నేరుగా మాట్లాడుకున్నారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం కన్నా నాకు ముఖ్యమైనది ఒకటుంది. ఆయన ఏ పెద్ద కంపెనీ టవరు కోసమూ ఎదురుచూడలేదు.

దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో మాంకోసి అనే చోట ఊరివాళ్లు ఏకంగా సహకార సంఘమే పెట్టుకున్నారు. 2014లో రిజిస్టరు చేయించారు. ఇళ్ల దగ్గర సోలార్ పలకలు, బ్యాటరీలు, వైఫై స్టేషన్లు పెట్టారు. అవే బ్యాటరీలతో ఊరివాళ్ల ఫోనులకు చార్జింగ్ పెట్టి, ఆ డబ్బు సంఘానికి జమ చేశారు. చిన్న సంఘం కాబట్టి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ నుంచి లైసెన్సు మినహాయింపు తెచ్చుకున్నారు. మన పొదుపు సంఘాల కన్నా పెద్ద అనుభవమేమీ వాళ్లకు లేదు, అమ్మా. నెలనెలా వాయిదాలు, పుస్తకాలు, తీర్మానాలు, ఇవన్నీ మీకు కొట్టిన పిండి.

మన దగ్గరా లైను వేయడానికి మంచి ఆలోచనలే చేశారు. ప్రభుత్వ సంస్థ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా నెట్టు మోసే ఫైబర్ తీగ లాగింది. తవ్వకం ఖర్చు, అనుమతుల తిప్పలు చాలా తప్పాయి. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి ఊళ్లో మొదలైంది. టీవీ, నెట్టు, ఫోను కలిపి మొదటి ధర నెలకు 149. ఆఖరి తీగ ఇంటిదాకా లాగింది ఊళ్లో కేబుల్ ఆపరేటర్లే. ధర తర్వాత పెరిగింది, నాకది బాధే. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. ఒక తవ్వకం, రెండు పనులు.

అన్నిటికన్నా పెద్దది భారత్‌నెట్. 2011లో కేంద్రం ఆమోదించింది. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తేవాలని లక్ష్యం. చాలా చోట్ల లైను పంచాయతీ కార్యాలయం దాకా వచ్చి ఆగిపోయింది. గదిలో గోడకు పెట్టె, పెట్టె మీద దుమ్ము, బ్యాటరీ ఎప్పుడో పోయింది. తాళం ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంకో లోపం కూడా ఉంది. తీగను వరసగా ఒక ఊరి తర్వాత ఇంకో ఊరికి లాగారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పొక్లెయిన్ ఒక్కచోట తెంపితే ఆపైన ఊళ్లన్నీ ఆగిపోతాయి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో దీన్ని వలయంగా మారుస్తున్నారు. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడుస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదో కూడా తెలుసుకోండి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవ కోసం పక్కన పెట్టాలి. 2002 నుంచి ఉన్న నిబంధన ఇది, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. కంపెనీల ఆదాయమంటే మన రీచార్జీలే. కాబట్టి ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు.

ఇక మీ చేతిలో ఉన్నది చెబుతాను. 2020 డిసెంబరులో కేంద్రం పీఎం వాణి అనే పద్ధతి తెచ్చింది. కిరాణా కొట్టయినా, టీ కొట్టయినా, పొదుపు సంఘమైనా లైసెన్సు లేకుండా వైఫై పెట్టి చిల్లరగా అమ్ముకోవచ్చు. అనుకున్నంత సాగలేదు. ఎందుకంటే చాలా చోట్ల కంపెనీలు చిన్న కొట్టువాళ్లకు మామూలు ఇంటి కనెక్షన్ ఇవ్వకుండా పెద్ద సంస్థలు తీసుకునే ఖరీదైన లీజు లైను తీసుకోమన్నాయి. టీ కొట్టువాడు ఎక్కడ కడతాడు? మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో ఆ ముడి విప్పింది. 200 ఎంబీపీఎస్ వేగం దాకా ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లన్నీ వీళ్లకూ ఇవ్వాలి, ధర మామూలు ధరకు రెండింతలు దాటకూడదు అని ఆదేశించింది.

లెక్క వేద్దాం, ఊరికే ఉదాహరణకి. ఇంటి ప్లాను నెలకు 600 అనుకుంటే సంఘానికి మహా అయితే 1,200. ఊళ్లో అరవై మంది రోజుకో రూపాయి ఇచ్చినా నెలకు 1,800. కరెంటుకీ, రూటరు పాడైతే బాగుచేయడానికీ 600 మిగిలింది. కూలి దొరికిన రోజు కట్టొచ్చు, దొరకని రోజు మానొచ్చు. 28 రోజులకు ఒకేసారి చెల్లించే బాధ లేదు. బడి పక్కన, రేషన్ దుకాణం దగ్గర, పాల కేంద్రం దగ్గర మూడు చోట్ల వైఫై పెడితే సగం ఊరి అవసరం తీరుతుంది.

వచ్చే గ్రామసభలో ఈ విషయం ఎజెండాలో పెట్టించండి. మన పంచాయతీకి భారత్‌నెట్ లైను వచ్చిందా, వెలుగుతోందా, తాళం ఎవరి దగ్గరుంది? తెగితే ఎన్నాళ్లలో కడతారు, ఫోను ఎవరికి చేయాలి? తీర్మానం రాసి పైకి పంపండి. ఊళ్లో ఐటీఐ చదివిన అమ్మాయినో అబ్బాయినో ఫైబర్ అతికే పని నేర్చుకోడానికి పంపండి. అతికే యంత్రం ఖరీదైనదే, ఒక్క ఊరు కొనలేదు. నాలుగైదు పంచాయతీలు కలిస్తే కొనొచ్చు. మనిషి ఊళ్లో ఉంటే తెగిన లైను సాయంత్రానికి వెలుగుతుంది, లేకపోతే పట్నం నుంచి ఎవరో వచ్చేదాకా చీకటే. కేబుల్ తమ్ముళ్లకు ఈ పని కొంత తెలుసు, మొదట వాళ్లతోనే మాట్లాడండి.

ఇప్పుడు మీ ఊళ్లలో లైను ఎక్కడ ఆగిందో చెప్పండి, రాసుకుంటాను.