నదికి రేపు ఎన్ని నీళ్లొస్తాయో కంప్యూటర్ ఎలా చెబుతుంది?

నమస్కారం. ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక చదరపు కిలోమీటరు నేల మీద 10 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అది కోటి లీటర్ల నీళ్లు. అందులో నదికి చేరేవి ఎన్ని? నేల ఎండి ఉంటే చాలావరకు మట్టే తాగేస్తుంది. నిన్నటి వానకే నాని ఉంటే అదే వాన వాగై పారుతుంది. మంచినీటి వనరులను అంచనా వేసే కంప్యూటర్ మోడల్ ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

మోడల్ నదీ పరీవాహక ప్రాంతాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడికీ ఒక జమాఖర్చుల పద్దు ఉంటుంది. వాన, కరిగిన మంచు జమ. ఆవిరైనది, మొక్కలు పీల్చుకున్నది, పారిపోయినది ఖర్చు. మిగిలింది మట్టిలో, భూగర్భంలో నిల్వ. ఈ పద్దును రోజురోజుకీ రాసుకుంటూ పోవడమే పని. 1966 నాటి స్టాన్‌ఫర్డ్ వాటర్‌షెడ్ మోడల్ ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. భూగర్భజలాల కోసం అమెరికా జియలాజికల్ సర్వే 1984లో తెచ్చిన మాడ్‌ఫ్లో అనే మోడల్ నేటికీ వాడుకలో ఉంది.

మరి దీన్ని నమ్మడం ఎలా? నాకు చాలా నచ్చే పద్ధతి ఒకటుంది. 20 ఏళ్ల నదీ ప్రవాహం కొలతలు ఉన్నాయనుకోండి. మొదటి పదేళ్లవి మోడల్‌కి చూపించి సరిదిద్దుతారు. తర్వాతి పదేళ్లవి దాచేస్తారు. ఆ ఏళ్ల వానలు మాత్రమే ఇచ్చి, నదిలో ఎంత నీరు పారిందో చెప్పమంటారు. జవాబు అసలు కొలతకు దగ్గరగా ఉంటేనే పాసైనట్టు.

అయితే ఆ కొలతలే మనల్ని దారి తప్పించవచ్చు. అమెరికాలో కొలరాడో నది నీటిని 1922లో ఒప్పందం చేసుకుని పంచుకున్నారు. అప్పటికి చేతిలో ఉన్న కొద్ది ఏళ్ల లెక్కలు బాగా వానలు పడిన కాలానివి. ఆ సంగతి తర్వాత చెట్ల కాండంలో ఏటా ఏర్పడే వలయాలను పరిశీలిస్తే బయటపడింది; వానలు బాగా పడిన ఏడు ఆ వలయం వెడల్పుగా ఉంటుంది. నదిలో ఉన్నదానికంటే ఎక్కువ నీరు కాగితం మీద పంచేశారు. ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. అందుకే 'ఇన్ని నీళ్లు వస్తాయి' అని ఒక్క అంకె మాత్రమే చెప్పే అంచనాను నేను నమ్మను. మంచి బృందాలు వేర్వేరు వాతావరణ పరిస్థితులతో మోడల్‌ని పదులసార్లు నడిపి, కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని చెబుతాయి.

ఇంకా కష్టమైన పద్దు భూగర్భానిది. బోర్లు ఎంత తోడుతున్నాయో చాలాచోట్ల లెక్కే ఉండదు. 2002లో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు ఎగిరాక కొంత వెలుగు వచ్చింది. రెండూ దాదాపు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగేవి. కింద నీరు పెరిగినా తగ్గినా భూమి ఆకర్షణ కాస్త మారుతుంది, దాంతో వాటి మధ్య దూరమూ మారుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ తేడాను కూడా అవి పట్టేసేవి! 2018 నుంచి వాటి వారసులు ఆ పని చేస్తున్నాయి. కానీ వాటికి కనిపించేది వందల కిలోమీటర్ల విస్తీర్ణంలో జరిగే మార్పు. ఒక్క బావి సంగతి అవి చెప్పలేవు.

దానికి బావిలోకి టేపు దింపి నీటిమట్టం చూసే మనిషి కావాలి. వాగు గట్టున నీటిమట్టం కొలిచే గేజీ కావాలి. ఖర్చు తగ్గించాలని ఎవరైనా ముందుగా ఈ గేజీల మీదే చెయ్యి వేస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. గేజీ తీసేసిన రోజు నుంచి ఆ వాగు విషయంలో మోడల్ చెప్పింది తప్పో ఒప్పో చూసుకునే వీలే ఉండదు.