సౌండ్ కార్డ్ కొనే ముందు ఈ హెడ్‌ఫోన్ జాక్ తీసి కంప్యూటర్ వెనక పెట్టి చూడండి

ముందు ఇది వినండి. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి.

వినిపించిందా? పాటేమీ ప్లే కావట్లేదు. నేను మౌస్ కదుపుతున్నానంతే. కదిపినప్పుడల్లా "జిర్ర్, జిర్ర్". పేజీ స్క్రోల్ చేస్తే ఇంకో రకం కూత. ఈ గోల పడలేకే రెండేళ్ల కిందట ఇదిగో, ఈ సౌండ్ కార్డ్ కొన్నాను, అంటే కంప్యూటర్‌లో శబ్దం కోసమే విడిగా పెట్టే బోర్డు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి మరీ తెచ్చాను. కేబినెట్ విప్పి, స్లాట్‌లో కూర్చోబెట్టి, ముందు జాక్ కేబుల్ తీసి దానికే తగిలించి, డ్రైవర్లు వేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

జిర్ర్. అదే జిర్ర్!

ఇప్పుడు చూడండి. కేబినెట్ ముందు నుంచి జాక్ తీస్తున్నాను. మదర్‌బోర్డ్ వెనక ఆకుపచ్చ రంధ్రం ఉంటుంది, అందులో పెడుతున్నాను. మౌస్ కదుపుతున్నాను… ఏమైనా వినిపిస్తోందా? లేదు కదా. కొత్త కార్డు కూడా కాదండీ ఇది, బోర్డుతో వచ్చిన ఆడియోనే.

దొంగ ఇదన్నమాట, ఈ సన్న కేబుల్. కెమెరాకి దగ్గరగా పెడతాను. బోర్డు కింది మూల నుంచి బయల్దేరి, గ్రాఫిక్స్ కార్డ్ పక్కగా, పవర్ వైర్ల మధ్యలోంచి ముందుకొస్తుంది. పైన సరైన షీల్డింగ్, అంటే బయటి గోలని ఆపే తొడుగు, ఉండదు. దారిలో ఉన్న గోలంతా మోసుకొచ్చి మన చెవిలో పోస్తుంది. నేను కార్డు మార్చాను గానీ కేబుల్ అదే ఉంచాను. ఇంక ఏం తగ్గుతుంది?

ఇంకో రకం చప్పుడుంది. మౌస్‌తో పని లేకుండా "హుమ్‌మ్" అని ఆగకుండా వస్తుంది. కేబినెట్ మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటుందా? అయితే ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్ గోడలో ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైర్ ఉందని నమ్మకండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి, బ్యాటరీ మీదే స్పీకర్లకి తగిలించి వినండి. హుమ్ పోతే మీకు కావాల్సింది ఎలక్ట్రీషియన్, సౌండ్ కార్డ్ కాదు.

ఒకప్పుడు కార్డు తప్పనిసరే. 1989లో సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చే నాటికి మామూలు పీసీకి సొంతంగా ఉన్నది బీప్‌మనే బుల్లి స్పీకరే. తర్వాత ఇంటెల్ 1997లో ఏసీ 97, 2004లో హెచ్‌డీ ఆడియో అని ప్రమాణాలు తెచ్చింది, ఆడియో మెల్లగా బోర్డులోకే వచ్చేసింది. విండోస్ విస్టా వచ్చాక గేముల్లో డైరెక్ట్‌సౌండ్ (విండోస్‌లో శబ్దాలు చూసుకునే భాగం) పనిని కార్డుకి అప్పజెప్పే దారి కూడా మూసేశారు. కార్డు పెడితే గేమ్ ఫాస్ట్ అవుతుందని ఇంకా చెప్పే అన్నలున్నారు, అది ఆ కాలం మాట.

ఇప్పుడు లెక్క చూడండి. సీడీలో ఉండే 16 బిట్ ఆడియోలో అతి పెద్ద శబ్దానికీ, అడుగున ఉండే గోలకీ మధ్య పట్టే తేడా 96 డెసిబెల్స్. చాలా బోర్డుల మీద కనిపించే రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 చిప్‌కి కంపెనీ చెప్పే అంకె 120. బోర్డు మీద పెట్టాక అది కొంత తగ్గుతుంది, నిజమే. అయినా మన ఫ్యాన్ చప్పుడు, వీధిలో కూరగాయల బండి మైకు దాటుకుని ఆ తేడా వినగలిగితే మీ చెవులకి దండం.

మీది యూఎస్‌బీ హెడ్‌సెట్టో, బ్లూటూతో అయితే ఈ గొడవే లేదు. డిజిటల్‌ని శబ్దంగా మార్చే చిప్ దాంట్లోనే ఉంటుంది. మీరు ఎంత ఖరీదైన కార్డు పెట్టినా పాట అటువైపు పోనే పోదు.

మరి ఎవరికి కావాలి? 250, 300 ఓమ్స్ హెడ్‌ఫోన్స్, అంటే మోగడానికి ఎక్కువ వోల్టేజ్ అడిగేవి, కొన్నవాళ్లకి. వాల్యూమ్ 100 పెట్టినా పీలగా వినిపిస్తుంటే దానికి ఊపు చాలట్లేదని. ఇంకొకరు రికార్డింగ్ చేసేవాళ్లు. స్టూడియోల్లో వాడే కండెన్సర్ మైకుకి 48 వోల్టులు ఇవ్వాలి, అది బోర్డు మీది గులాబీ రంగు మైక్ రంధ్రం ఇవ్వదు. వయొలిన్‌కి పికప్ (దాని శబ్దం పట్టే చిన్న పరికరం) పెట్టి వాయిస్తూ అదే క్షణంలో వినాలంటే ఏసియో అనే, ఆలస్యం తగ్గించే డ్రైవర్ ఉన్న ఇంటర్‌ఫేస్, అంటే రికార్డింగ్ డబ్బా, కావాలి. శబ్దాన్ని సెకనుకి 48 వేల సార్లు కొలిచి (ఒక్కో కొలతా ఒక శాంపిల్), 128 శాంపిల్స్ పోగయ్యే దాకా ఆపి పంపితే ఆ ఆలస్యం 3 మిల్లీసెకన్లు కూడా కాదు. రాకపోకలు కలిపితే ఇంకాస్త పెరుగుతుంది, అయినా చేతికి అడ్డం రాదు.

వీళ్లకి కూడా నేను చెప్పేది బయట పెట్టుకునే యూఎస్‌బీదే. ఆ గోల పుట్టే డబ్బాలోనే ఇంకో కార్డు దూర్చడం ఎందుకు? పైగా రేపు ల్యాప్‌టాప్‌కి మారితే ఇది కూడా వెంట వస్తుంది.

చివరగా ఒకటి. మైక్ పనిచేయట్లేదని కార్డు కొనబోయేవాళ్లు ఆగండి. మీ ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్ చూడండి, ఇదిగో, మూడు నల్ల గీతలు. మాట, వినికిడి రెండూ ఇందులోనే. కంప్యూటర్‌లో మైక్‌కి వేరే రంధ్రం ఉంటే మధ్యలో వై ఆకారం స్ప్లిట్టర్ ఒకటి పెట్టాలి. మొబైల్ షాపులో అడిగితే ఇస్తారు. హెడ్‌ఫోన్ స్ప్లిట్టర్ అంటే ఇద్దరు పాటలు వినేది చేతిలో పెడతారు, మైకుది అని గట్టిగా చెప్పండి.