సీజన్ చివర్లో రాణి చీమని వెతకడం ఎలా?

నమస్తే అండీ. ఇంట్లో చీమల్ని పెంచుకోడానికి రాణి కావాలి, కానీ రెక్కల చీమలు ఎగిరే రోజులు అయిపోయాయి, ఇక వచ్చే ఏడాదే అనుకుంటున్నారా? ఇంకా టైముంది. వెతికే చోటు మారుతుంది, అంతే. పైగా మెస్సార్ బార్బరస్ అనే గింజలు దాచుకునే చీమలైతే శరదృతువులో వానలు పడ్డాకే ఎగురుతాయి.

మిగతా జాతుల రాణులు ఈపాటికి జతకట్టి, రెక్కలు రాల్చుకుని, ఎక్కడో చిన్న గుంటలో దాక్కుని ఉంటాయి. అందుకని రాళ్ళు, పాత ఇటుకలు, పుచ్చిన దుంగలు మెల్లగా ఎత్తి చూడండి. చుట్టూ ఇంకే చీమా లేకుండా ఒంటరిగా ఉన్న పెద్ద చీమ మనకి కావాలి. చూశాక రాయిని ఎలా ఉన్నదలా పెట్టేయండి. రాణి కోసం పుట్ట మాత్రం తవ్వకండి, దయచేసి. ఆ ఒక్కదాని కోసం పుట్టంతా నాశనమవుతుంది.

దొరికింది రాణేనా అని ఎలా తెలుస్తుంది? తల పెద్దదైనంత మాత్రాన రాణి కాదు, అది సైనిక చీమ కావచ్చు. కాళ్ళు అతికి ఉన్న మధ్యభాగం చూడాలి. ఎగిరే కండరాలు అక్కడే ఉంటాయి కాబట్టి ఉబ్బెత్తుగా ఉంటుంది. పక్కల్లో రెక్కలు ఊడిన మచ్చలు కనిపిస్తాయి. రెక్కలతోనే ఉండి, నడుము లావుగా, నాలుగు రెక్కలూ ఒకే సైజులో ఉంటే మాత్రం అది ఉసిరిపురుగు, అంటే రెక్కల చెద. చీమ కాదు.

టెస్ట్ ట్యూబ్‌లో మూడో వంతు నీళ్ళు పోసి, నీళ్ళకి ఆనేలా దూదితో గట్టిగా బిగించండి. రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది పెట్టి చీకట్లో ఉంచండి. చాలా జాతులకి ఇప్పుడు తిండి అక్కర్లేదు. పనికిరాని రెక్కల కండరాలే కరిగి ఆహారమవుతాయి. కొన్ని జాతుల రాణులు మాత్రం బయటికెళ్ళి వేటాడతాయి, వాటికి తేనె చుక్క, పురుగు ముక్క ఇవ్వాలి. అందుకే జాతి ఏదో ముందు తెలుసుకోండి.

అసలు విషయం ఇది. ఆలస్యంగా దొరికిన రాణి వారాల తరబడి గుడ్లు పెట్టకపోవచ్చు. టెన్షన్ పడి వదిలేయకండి. చలిప్రాంతపు జాతైతే చలికాలమంతా నిద్రపోయి, వేడి పెరిగాక గుడ్లు పెడుతుంది. దానికి 5 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో మూడు నెలలు విశ్రాంతి ఇవ్వండి. వెచ్చని ప్రాంతపు జాతులకి ఇది వద్దు, చలి వాటిని చంపేస్తుంది.

నా మొదటి రాణిని రోజుకి మూడుసార్లు వెలుతురులోకి తెచ్చి చూసేదాన్ని. ఆ బెదురుకి పెట్టిన గుడ్లన్నీ తినేసింది. ఇప్పటికీ బాధే నాకు. మీరు వారానికి ఒక్కసారి, నీళ్ళున్నాయా, దూది బూజు పట్టిందా అని మాత్రమే చూడండి.

మొదట పుట్టే చీమలు బాగా చిన్నగా ఉంటాయి. అవి తిరగడం మొదలెట్టిన రోజే ఒక చిన్న చుక్క చక్కెర నీళ్ళు పెట్టండి.