థర్టీ-థర్టీ విన్‌చెస్టర్: అడవిలో జింక వేటకు ఈనాటికీ సరిపోతుందా?

ప్రేక్షకులందరికీ నమస్కారం. అమెరికాలో జింక వేట మాట వస్తే తప్పకుండా వినిపించే థర్టీ-థర్టీ విన్‌చెస్టర్ తూటాను, దాన్ని పేల్చే లీవర్ యాక్షన్ రైఫిల్‌ను (చేతితో లీవర్‌ను కదిపి తర్వాతి తూటా ఎక్కించే రైఫిల్) ఈ వీడియోలో పరిశీలిద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెన్సిల్వేనియా వంటి చోట్ల, చెట్ల నడుమ 150 గజాల లోపు కనిపించే తెల్లతోక జింకకు ఇంతకన్నా శక్తిమంతమైన తూటా అక్కర్లేదు; ఆ దూరం దాటాక దీన్ని నమ్ముకోవడం జంతువుకు అన్యాయం చేయడమే.

తుపాకుల రూపశిల్పి జాన్ బ్రౌనింగ్ రూపొందించిన విన్‌చెస్టర్ 1894 మోడల్ రైఫిల్ కోసం ఈ తూటా 1895లో అమ్మకానికి వచ్చింది. పొగరాని తుపాకీ మందుతో అమెరికాలో వేట కోసం తయారైన తొలి చిన్న వ్యాసపు తూటాగా దీనికి పేరుంది. ఆ మోడల్ రైఫిళ్లు 70 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇప్పుడు తెరపై ఉన్న గొట్టాన్ని గమనించండి. బ్యారెల్ కిందనున్న ఈ మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా కూర్చుంటాయి, అంటే వెనుక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కు (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే భాగం) ఆనుకునే ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, పేల్చినప్పటి కుదుపుకు అది ప్రైమర్‌ను పొడిచి, గొట్టంలోనే తూటా పేలిపోయే ప్రమాదముంది. అందుకే ఈ తూటాలకు ముక్కు చదునుగానో గుండ్రంగానో చేస్తారు. ఈ రైఫిల్ బలహీనతకు మూలం కూడా ఇక్కడే ఉంది. 170 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) బుల్లెట్, అంటే తూటా నుంచి విడిపోయి ఎగిరే ముక్కు భాగం, సెకనుకు దాదాపు 2,200 అడుగుల వేగంతో బయలుదేరినా, చదును ముక్కు గాలిని చీల్చుకుపోలేక, 200 గజాలకు చేరేసరికి దాని శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. 100 గజాలకు గురి సరిచేసిన రైఫిల్‌తో 200 గజాల దగ్గర కాలిస్తే దెబ్బ ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. హార్నడీ సంస్థ మెత్తని పాలిమర్ మొనతో తెచ్చిన తూటాలు ఈ లోటును కొంత తీర్చాయి గాని, పూర్తిగా తీర్చలేదు.

అడవిలో ఈ రైఫిల్ గొప్పతనం మోసేటప్పుడే తెలుస్తుంది. బరువు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూగా, బ్యారెల్ 20 అంగుళాలు ఉండటంతో, పొదల మధ్య నడిచేటప్పుడు కొమ్మలకు తట్టుకోదు. భుజం మీది నుంచి దించకుండానే లీవర్‌ను కిందికి తోసి పైకి లాగితే రెండో తూటా సిద్ధమవుతుంది. పాత విన్‌చెస్టర్ ఖాళీ తొడుగును పైకి విసురుతుంది కాబట్టి దానిపై టెలిస్కోప్ బిగించడం కష్టం. టెలిస్కోప్ కావాలనుకునేవారికి, తొడుగును పక్కకు విసిరే మార్లిన్ 336 మోడల్‌నే నేను సూచిస్తాను.

గురి విషయంలో తొందర పనికిరాదు. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందు కాలికి సరిగ్గా వెనుక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర కొడితే దెబ్బ గుండెకో ఊపిరితిత్తులకో తగులుతుంది. నురగతో కూడిన లేత ఎర్ర రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలిందని అర్థం; అయినా కనీసం అరగంట ఆగి జాడ పట్టడం మంచిది, ఎందుకంటే తరిమితే గాయపడిన జింక చాలా దూరం పరుగెడుతుంది. నల్ల ఎలుగుబంటికీ దగ్గరి దూరంలో ఈ తూటా చాలు, కానీ భారీ ఎల్క్‌కు (పెద్ద జాతి జింక) నేను దీన్ని సిఫార్సు చేయను.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువారికి ఒక ముఖ్య విషయం. వర్క్ వీసాపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి ఇచ్చే మినహాయింపు తమకు వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకున్నాకే స్నేహితుడి రైఫిల్‌నైనా చేతిలోకి తీసుకోవాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) నియమం వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకు సీసపు బుల్లెట్లు నిషిద్ధం కాబట్టి, అక్కడివారు రాగి వంటి, సీసం లేని బుల్లెట్ ఉన్న థర్టీ-థర్టీ తూటాలే కొనాలి.