రోడ్డు మీద గింజలు, గింజల వెనకే జెర్రిపోతు

(దృశ్యం: రాత్రి, గుంటూరు శివారు రోడ్డు. బైక్ లైటు వెలుగులో పొడుగ్గా ఏదో)

అది తాడు కాదండీ, జెర్రిపోతు. పగలంతా ఎండకి కాగిన తారు చీకటి పడ్డాక కూడా వెచ్చగానే ఉంటుంది కదా, ఆ వెచ్చదనానికి వచ్చి పడుకుంది. మనం ఎనభైలో వస్తాం, అంతే సంగతి.

వెచ్చదనం ఒక్కటే కాదు, ఇందులో మన పుణ్యం కూడా ఉంది.

(దృశ్యం: రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం)

కోతలప్పుడు సగం రోడ్డు మనదే. సాయంత్రం పట్టాలు ఎత్తేశాక కంకర సందుల్లో చారెడేసి గింజలు మిగిలిపోతాయి. వాటికోసం పగలు పావురాలు, ఉడతలు, రాత్రి ఎలుకలు, ఎలుక వెనక పాము. ఆ పాము టైరు కింద నలిగితే దాన్ని పీక్కు తినడానికి ముంగిసో గద్దో దిగుతుంది, వెనకే లారీ.

అందుకే మా ఊరి కుర్రాళ్లు పెట్టుకున్న పని చాలా చిన్నది. పట్టా ఎత్తాక చీపురు. చచ్చినదాన్ని పొడుగు కర్రతో రోడ్డు దింపి పొదల్లోకి నెట్టడం, అదీ బండ్లు రానప్పుడే. చేత్తో మాత్రం ముట్టుకోకండి, రక్తపింజరి తల చచ్చాక కూడా కాటేయగలదు, జోక్ కాదు.

మొదట్లో పెద్దాళ్లు నవ్వారు. "పాముకి కాపలా ఏంట్రా?" అని. జెర్రిపోతుకి విషం లేదు, అది తినే ఎలుకలు మీ బస్తాల్లోవే బాబాయ్ అన్నాక కొందరు ఆగారు. చట్టం కూడా దాని వైపే ఉంది: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలుకి ఎక్కింది, అంటే పులి ఉన్న జాబితాకే.

(దృశ్యం: ఉప్పలపాడు చెరువు)

పెదకాకాని మండలం ఉప్పలపాడులో గూడబాతులు ఊరి చెరువులోనే, జనం కళ్లముందే గూళ్లు పెడుతున్నాయి, ఊరివాళ్లు వాటిని కాచుకుంటున్నారు. కాకపోతే అవి అందమైన పక్షులు, చూడ్డానికి ఊళ్లనుంచి జనం వస్తారు. జెర్రిపోతుతో సెల్ఫీ ఎవడు దిగుతాడు చెప్పండి.

(దృశ్యం: మళ్లీ మొదటి పాము)

ఆ రాత్రి బండి పక్కకి తీసి, ఇండికేటర్ వేసి, లైటు దాని మీదే ఉంచి ఆగాం. కాసేపు కదల్లేదు. వెనకనుంచి ఒక ఆటో హారన్ కొట్టింది, చెయ్యి అడ్డం పెట్టాం, అతను దిగి చూసి "ఓర్నీ" అన్నాడు. అప్పుడు మేమేదో దాని దారికి అడ్డొచ్చినట్టు, తీరిగ్గా గట్టు దిగి జొన్నచేలోకి వెళ్లిపోయింది.