కొన్న ధర కూడా చేతికి రాని మందుల షాపు

అందరికీ నమస్కారం. ఈరోజు అమెరికాలో చిన్న చిన్న మందుల షాపులు పడుతున్న కష్టం గురించి మాట్లాడుకుందాం. ఇక్కడ ఫార్మసీ చదివి, అక్కడికి వెళ్లి సొంతంగా షాపు పెట్టుకున్న మనవాళ్లూ ఉన్నారు, వాళ్లకిది రోజూ ఉండే బాధ.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఒక పెద్దావిడ షుగర్ మందుకి చీటీ తెచ్చింది. షాపాయన దాన్ని హోల్‌సేలర్ దగ్గర 100 డాలర్లకి కొన్నాడనుకుందాం, లెక్క కోసమే. కంప్యూటర్లో క్లెయిమ్ కొడతాడు. క్షణాల్లో జవాబు వస్తుంది. ఆవిడ తన వాటాగా కట్టే కోపే, ఇన్సూరెన్స్ ఇచ్చేది, అంతా కలిపి 92 డాలర్లు. అంటే 8 డాలర్లు జేబులోంచి పోయాయి. అద్దె, జీతాలు, సీసా, లేబులు ఇంకా లెక్కలోకే రాలేదు. పోనీ ఇవ్వను అందామా అంటే ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది. పైగా షాపు సంతకం పెట్టిన చాలా కాంట్రాక్టులు అందుకు ఒప్పుకోవు.

ఆ 92 ఎవరు వేశారు? పీబీఎం. ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్ అంటారు. ఇన్సూరెన్స్‌కీ షాపుకీ మధ్య కూర్చుని, ఏ మందుకి ఎంత ఇవ్వాలో తేల్చే సంస్థ. జెనరిక్ మందులకి వీళ్ల దగ్గర మ్యాక్ లిస్టు ఒకటి ఉంటుంది, ఇంతకు మించి ఇవ్వం అని. అది ఎలా తయారైందో షాపాయనకి తెలీదు. హోల్‌సేల్ ధర పెరిగిన రోజే లిస్టు కదలాలని రూలేం లేదు.

పెద్ద పీబీఎంలు మూడు: సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్. దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం ఈ మూడింటి చేతుల మీదుగానే వెళ్తాయని, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో చెప్పింది. ఈ మూడు గ్రూపులకీ సొంత ఫార్మసీలున్నాయి. ఎదురు దుకాణం యజమానే మన దుకాణానికి రేటు కడుతున్నాడన్నమాట! సంతలో ఇలా జరిగితే ఏ రైతైనా ఊరుకుంటాడా? నాకు అన్నిటికన్నా మనసు కష్టపెట్టేది ఇదే.

మేము ఖర్చు తగ్గిస్తున్నాం అంటాయి పీబీఎంలు. మందుల కంపెనీలతో బేరమాడి రిబేట్లు, అంటే ధరలో కొంత వెనక్కి, తెస్తాయి, నిజమే. మరి ఒహాయోలో ఏం జరిగింది? 2018లో ఆ రాష్ట్ర ఆడిటర్ డేవ్ యోస్ట్ మెడికెయిడ్, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, లెక్కలు తీయించారు. పీబీఎంలు ఇన్సూరెన్స్ ప్లాన్ల దగ్గర వసూలు చేసిందానికీ, షాపులకి ఇచ్చినదానికీ తేడా ఒక్క ఏడాదిలో 22.48 కోట్ల డాలర్లు. ఒక్క జెనరిక్స్ మీదే ఆ తేడా 31.4 శాతం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి అమెరికా వెళ్లే మాత్రలు ఎక్కువగా ఈ కోవవే. మాత్ర చేసినవాళ్లకీ, చేతికందించినవాళ్లకీ చిల్లర మిగిలితే, మధ్యలో ఉన్నవాళ్లకి దాదాపు మూడో వంతు!

ఆర్కన్సా రాష్ట్రం 2015లో గట్టి చట్టం చేసింది. షాపు కొన్న ధర కన్నా తక్కువ ఇవ్వకూడదు. ధర పెరిగితే లిస్టు మార్చాలి. నష్టానికైతే అమ్మనని చెప్పే హక్కు షాపుకి ఉంటుంది. పీబీఎంల సంఘం కోర్టుకెక్కింది. 2020 డిసెంబరు 10న సుప్రీంకోర్టు 8-0తో రాష్ట్రానికే ఓటేసింది. జస్టిస్ సోనియా సోటోమేయర్ రాసిన ఆ తీర్పు తర్వాత మిగతా రాష్ట్రాలకీ ధైర్యం వచ్చింది.

అయితే కొన్న ధర ఒక్కటీ వస్తే సరిపోదు. డోసు సరిచూసి, వేరే మందుతో పడుతుందో లేదో చూసి, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పిన ఫార్మసిస్టు పనికి విలువ ఏదీ? మెడికెయిడ్‌లో రాష్ట్రం నేరుగా చెల్లించేచోట కొన్న ధరకి తోడు డిస్పెన్సింగ్ ఫీజు ఇస్తారు, చాలా రాష్ట్రాల్లో 10 డాలర్లు అటూ ఇటూ. ఒక చీటీకి షాపుకి నిజంగా అయ్యే ఖర్చు చూసి కట్టిన లెక్క అది. అదే గిట్టుబాటు ధర. ప్రైవేటు ప్లాన్లకీ ఇదే పెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరు అక్కడ ఉంటే, మీ రాష్ట్ర శాసనసభ్యుడికి ఈ ఒక్క మాట రాయండి: కొన్న ధర, దానిపైన డిస్పెన్సింగ్ ఫీజు, మెడికెయిడ్‌లో ఇచ్చినట్టే.